ఒడిలో బిడ్డ, ఎనభైలో కారు

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక పంతంగి టోల్‌గేట్ దగ్గర నిలబడి చూడండి. కనుచూపు మేర కార్లే. ముందు సీట్లో అమ్మ, ఆమె ఒడిలో ఏడాది పిల్ల. వెనక తాతయ్య, నానమ్మ, వాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చున్న బాబాయి, ఆయన మోకాళ్ల మీద ఆరేళ్ల పిల్లవాడు. సన్‌రూఫ్ ఉన్న బండి అయితే అందులోంచి తలలు బయటపెట్టి చేతులూపుతున్న పిల్లలు. బెల్టు పెట్టుకున్నది మాత్రం డ్రైవరు ఒక్కడే.

ఈ కుటుంబంలో ఎవరికీ పిల్లల మీద ప్రేమ తక్కువ కాదు. బిడ్డకు అమ్మ ఒడిని మించిన రక్షణ లేదన్నది మనకు తరతరాలుగా వచ్చిన నమ్మకం. ఎడ్లబండి కాలానికి అది నిజం కూడా. గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే బండి గోతిలో పడితే తూలిపోయే బిడ్డను అమ్మ చేతులు ఆపగలవు. బండి వేగం పదిహేను ఇరవై రెట్లు పెరిగింది, చేతులు మాత్రం అవే. అందుకే ముందు ఆ చేతుల లెక్క చూద్దాం.

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగం కారుకే కాదు, కారులో కూర్చున్న మనకూ ఉంటుంది. అద్దాలు బిగించి ఏసీలో కూర్చోవడం వల్ల అది తెలియదు, అంతే. కారు వెళ్లి గోడను గుద్దుకుంటే దాని ముందు భాగం నలుగుతూ నలుగుతూ ఓ అరమీటరు దూరంలో ఆగిపోతుంది. మొత్తం తతంగం దాదాపు సెకనులో పదో వంతులో ముగుస్తుంది. ఆ అరమీటరులో కారుతో పాటే ఆగాలంటే లోపల ఉన్న దేన్నైనా దాని బరువుకు ఇరవై రెట్ల బలంతో పట్టి ఆపాలి. ఏడాది పిల్ల బరువు పది కిలోలనుకుందాం. ఇరవై రెట్లంటే రెండు వందల కిలోలు, అంటే రెండు క్వింటాళ్లు. అమ్మ చేతుల్లో అంత పట్టు ఉండదు. కుస్తీ పట్టే వస్తాదు చేతుల్లోనూ ఉండదు. ఒకవేళ ఉన్నా ఆ పట్టు బిగించడానికి వ్యవధి దొరకదు. ప్రమాదం కంటికి కనబడి, ఆ సంగతి మెదడుకు చేరి, చేతుల కండరాలు బిగుసుకునేసరికే ఎంత లేదన్నా సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

పట్టు తప్పిన బిడ్డ ఏమవుతుంది? కారు ఆగింది గానీ బిడ్డ వేగం తగ్గలేదు. సెకనుకు అదే 14 మీటర్ల చొప్పున ముందుకు పోయి డ్యాష్‌బోర్డుకో, ముందు సీటు వీపుకో తగులుతుంది. అక్కడ ఆగడానికి దొరికేది ఐదారు సెంటీమీటర్లు. అరమీటరులో ఆగడానికి ఇరవై రెట్ల బలం చాలితే ఐదు సెంటీమీటర్లలో ఆగడానికి రెండు వందల రెట్లు కావాలి. పది కిలోల పిల్ల మీద రెండు టన్నుల దెబ్బ. ఎత్తు లెక్కలో చెబితే ఇది మూడంతస్తుల మేడ మీద నుంచి పడటం. గంటకు 80 కిలోమీటర్లయితే ఎనిమిదంతస్తులు. వేగం ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువగా పెరిగితే దెబ్బ రెండున్నర రెట్లు పెరిగింది, ఎందుకంటే గతిశక్తి వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

అమ్మకు కూడా బెల్టు లేకపోతే ఇంకా ఘోరం. ఆమె అరవై కిలోల బరువు అదే ఇరవై రెట్లై, డ్యాష్‌బోర్డుకూ తనకూ మధ్య ఉన్న బిడ్డ మీద పడుతుంది. కొందరు తమ బెల్టులోనే బిడ్డను కూడా చేర్చి పెట్టుకుంటారు. జాగ్రత్త కోసమే చేస్తారు గానీ జరిగేది మళ్లీ అదే. పెద్దవాళ్ల బరువంతా బిడ్డను బెల్టుకేసి నొక్కుతుంది.

ఆగే తీరు

వేగం దానంతట అది మనిషికి హాని చేయదు. విమానంలో గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోతూ హాయిగా కాఫీ తాగుతాం. హాని ఆగడంలో ఉంది. ఎంత సమయంలో ఆగాం, ఆపే బలం ఒంటి మీద ఎక్కడెక్కడ పడింది అన్నదే ప్రాణాన్ని నిలుపుతుంది లేదా తీస్తుంది. ఈ సంగతిని తన ఒంటి మీదే పరీక్షించుకున్న మనిషి అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్. 1954 డిసెంబరు 10న న్యూ మెక్సికోలోని హోలోమన్ స్థావరంలో ఆయన పట్టాల మీద నడిచే రాకెట్ బండిలో పట్టీలతో కట్టించుకుని గంటకు వెయ్యి కిలోమీటర్ల పైన వేగం అందుకున్నారు. ఆ వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగారు. ఒక దశలో ఆయన శరీరం మీద పడిన బలం సొంత బరువుకు 46 రెట్లు. కళ్లలో రక్తనాళాలు చిట్లి కాసేపు చూపు పోయింది. చూపు తిరిగి వచ్చింది, ఆయన 89 ఏళ్లు బతికారు. పట్టీలు సరిగ్గా ఉంటే, బలం ఎముకలున్న చోట పరుచుకుంటే శరీరం అంత దెబ్బనూ తట్టుకుంటుందని ఆ ప్రయోగాలు తేల్చాయి. ఆ తర్వాత ఆయన మామూలు కార్లలోనూ బెల్టులు ఉండాలని ఏళ్ల తరబడి పోరాడారు.

మనం ఇవాళ భుజం మీంచి నడుముకు వేసుకునే మూడు బిందువుల బెల్టు 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ రూపొందించినది. అంతకుముందు ఆయన యుద్ధ విమానాల్లో పైలట్‌ను బయటికి విసిరే సీట్ల మీద పనిచేశారు. ఆ బెల్టును ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చని వోల్వో పేటెంటును అందరికీ వదిలేసింది. 1967లో బోలిన్ స్వీడన్‌లో జరిగిన 28,000 ప్రమాదాల లెక్కలు బయటపెట్టారు. బెల్టు లేనివారు నెమ్మదిగా పోతున్న కార్లలో కూడా చనిపోయారు. బెల్టు ఉన్నవారిలో గంటకు 96 కిలోమీటర్ల లోపు వేగంలో చనిపోయినవారు ఒక్కరూ లేరు.

బెల్టు చేసే పని, వేగంగా వచ్చే క్రికెట్ బంతిని ఫీల్డరు చేతులు వెనక్కి తీసుకుంటూ పట్టడం లాంటిదే. ఆగే సమయాన్ని సాగదీస్తుంది. రెండో పనిగా, దెబ్బను ఛాతీ ఎముకలకూ తుంటి ఎముకలకూ పంచుతుంది. కారు భద్రత గురించి కనిపెట్టినవన్నీ, నలిగే ముందు భాగం నుంచి ఎయిర్‌బ్యాగ్ దాకా, ఈ రెండు పనుల్లో ఏదో ఒకటి చేసేవే.

అయితే ఆ బెల్టు పెద్దవాళ్ల ఎముకలకు కొలిచి చేసింది. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏడెనిమిదో వంతు. ఇంత పెద్ద తలను మోసే మెడలోని వెన్నుపూసలు ఇంకా పూర్తిగా ఎముకలు కాలేదు, చాలా భాగం మృదులాస్థి. ముందుకు తిరిగి కూర్చున్న పసిబిడ్డను పట్టీలు ఛాతీ దగ్గర ఆపితే తల మాత్రం ఆగకుండా ముందుకు దూసుకుపోతుంది. పసిబిడ్డ వెన్నెముక ఐదు సెంటీమీటర్ల దాకా సాగగలదు. దాని లోపలున్న వెన్నుపాము ఆరు మిల్లీమీటర్లు సాగితేనే తెగిపోతుంది. పిల్లల ప్రయాణ భద్రత గురించి ఒక్క వాస్తవమే గుర్తుపెట్టుకోగలమంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను.

దీనికి దొరికిన పరిష్కారం చాలా తేలికైనది: బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం. అప్పుడు కారు ఆగినప్పుడు తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు వీపులోకి ఒదుగుతాయి. దెబ్బ వీపంతా పరుచుకుంటుంది, మెడ ఒంటరిగా మిగలదు. 1960ల తొలి సగంలో స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్‌కు ఈ ఆలోచన వచ్చింది. అమెరికా జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాములు రాకెట్ తోపును తట్టుకోవడానికి వీపు ఆనించి పడుకునే సీట్లను చూసి, పసిబిడ్డకు కావలసింది ఇదేనని ఆయన గ్రహించారు. ఇవాళ స్వీడన్‌లో పిల్లలు నాలుగేళ్ల దాకా వెనక్కి తిరిగే కూర్చుంటారు. ఐరోపా నిబంధన కనీసం 15 నెలల దాకా తప్పనిసరంటోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది: ఆ సీటు ఎంత ఎత్తు, ఎంత బరువు మోస్తానంటుందో అంతవరకూ వెనక్కే తిప్పి ఉంచండి. కాళ్లు మడుచుకుని కూర్చోవాల్సి వస్తోందని తల్లిదండ్రులు బాధపడతారు గానీ పిల్లలకు అలా కూర్చోవడం ఇబ్బంది కాదు.

ఆ సీటుకు ఎదిగిపోయాక ముందుకు తిరిగిన సీటు, అందులో రెండు భుజాలు, రెండు తుంట్లు, కాళ్ల మధ్య కలిపి ఐదు చోట్ల పట్టే పట్టీలు. అదీ చాలకపోతే బూస్టరు, అంటే పిల్లను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే పీట. బూస్టరు గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు, అందుకే కాస్త ఆగి చెబుతాను. ఆరేడేళ్ల పిల్లకు కారు బెల్టు వేస్తే పై పట్టీ మెడకు ఒరుసుకుంటుంది, కింది పట్టీ పొట్ట మీదకి జారుతుంది. ఒరుసుకుంటోందని పిల్ల పై పట్టీని చంక కిందకు తోసేస్తుంది. ఇక ప్రమాదంలో మొత్తం దెబ్బ మెత్తటి పొట్ట మీద పడుతుంది. పేగులు, కాలేయం, నడుము దగ్గరి వెన్నెముక దెబ్బతినే ఈ తరహా గాయాలకు వైద్యులు ప్రత్యేకంగా పేరే పెట్టారు. పెద్దవాళ్లలో బెల్టును జారకుండా పట్టే తుంటి ఎముక అంచు పిల్లల్లో పదేళ్ల దాకా సరిగ్గా ఏర్పడదు. బూస్టరు మీద కూర్చోబెడితే కింది పట్టీ తొడల మొదట్లోకి, పై పట్టీ భుజం మధ్యలోకి వస్తుంది. ఎత్తు 145 సెంటీమీటర్లు దాటే వరకూ, అంటే చాలామందికి పది పన్నెండేళ్ల దాకా ఇది అవసరం. వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా అని చూడండి. వంగకపోతే పిల్ల ముందుకు జారుతుంది, బెల్టు పొట్ట మీదకి వస్తుంది. అలాంటి పిల్లకు ఇంకా పీట కావాలి.

అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క ప్రకారం సరైన సీటు వాడితే కారు ప్రమాదాల్లో ఏడాది లోపు పిల్లల మరణాలు 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలు 54 శాతం తగ్గుతాయి. ఏ మందూ ఏ టీకా అయినా ఇంత పని చేస్తే మనం బారులు తీరి వేయిస్తాం. సీటు ధర కొన్ని వేల రూపాయలు. మొదటి పుట్టినరోజు ఫంక్షన్‌కు మనం పెట్టే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పిల్లల భద్రతకు విడిగా నక్షత్రాలు ఇస్తున్నారు. కారు కొనేటప్పుడు పెద్దవాళ్ల నక్షత్రాలతో పాటు వాటినీ అడిగి చూడండి. సీటు బిగించాక దాని మొదట్లో పట్టుకుని గట్టిగా కదపాలి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదిలితే బిగింపు చాలనట్టే.

సీటు పెట్టాల్సింది వెనకే. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతులో, గంటకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో విచ్చుకుంటుంది. పెద్దవాళ్ల ఛాతీకి కొలిచిన ఆ సంచి వెనక్కి తిరిగిన సీట్లోని బిడ్డ తల వెనక నేరుగా తగులుతుంది. 1990లలో అమెరికాలో మెల్లగా గుద్దుకున్న కార్లలో కూడా పిల్లలు ఇలా చనిపోయారు. పదమూడేళ్ల లోపు పిల్లలు వెనకే కూర్చోవాలన్న నియమం ఆ విషాదాల్లోంచి పుట్టింది.

వెనక సీటు భద్రమని చెప్పగానే అక్కడ బెల్టు అక్కర్లేదని అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో చనిపోయారు. ఖరీదైన కారు, అన్ని హంగులూ ఉన్నాయి. వెనక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం ఆ ఏడాది మన దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వారిలో డ్రైవర్లు 8,384, పక్కన, వెనక కూర్చున్నవారు 8,331. దాదాపు చెరి సగం. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. బెల్టు లేని తాతయ్య ప్రమాదంలో ముందుకు విసురుగా వెళ్లి పడేది ముందు సీట్లో కూర్చున్న కోడలి మీదో, పక్కన సీట్లో పట్టీలతో భద్రంగా ఉన్న మనవడి మీదో. అందుకని పిల్లవాడికి సీటు కొనడంతో పని అయిపోదు, కారులో అందరికీ బెల్టు ఉండాలి. ఐదుగురి కారులో ఏడుగురు ఎక్కితే ఇద్దరికి ఉండదు. అలాంటప్పుడు ఇద్దరు రైలెక్కడమే దారి. చంటిపిల్ల ఉండి సీటు ఇంకా కొనకపోయినా అంతే. కాకినాడకు గౌతమి ఉంది, విశాఖకు గోదావరి ఉంది. టికెట్ దొరకడం కష్టమని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

నిద్ర

పండగ ట్రాఫిక్ తప్పించుకోవడానికి మనవాళ్లు రాత్రి బయల్దేరతారు. పిల్లలు నిద్రపోతారు, ఎండ ఉండదు, రోడ్డు ఖాళీ. వినడానికి బాగుంటుంది. ఆఫీసు ఉన్న రోజు పొద్దున ఆరున్నరకు లేచిన మనిషిని తీసుకోండి. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి, సామాన్లు సర్ది, భోంచేసి, పదకొండున్నరకు స్టీరింగ్ పట్టుకున్నాడు. అప్పటికి పదిహేడు గంటలుగా మేలుకుని ఉన్నాడు. ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లో నేచర్ పత్రికలో వేసిన అధ్యయనం ప్రకారం పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో డ్రైవరుకు చట్టం ఒప్పుకునే పరిమితి 0.03. అంటే ఒక్క చుక్క ముట్టని ఆ తండ్రి ఇంటి గేటు దాటేటప్పుడే తాగి నడిపేవాడి కంటే మెరుగ్గా లేడు. సూర్యాపేట చేరేసరికి రాత్రి రెండవుతుంది.

ఆ రెండు గంటల వేళే అసలు గండం. మన మెదడులో ఒక గడియారం ఉంది. అది రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరాన్ని అత్యంత మందకొడిగా ఉంచుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఇంకో చిన్న మగత. పగలు బాగా నిద్రపోయి బయల్దేరినా ఈ గడియారం తన పని మానదు. కునుకు అనేది చెప్పి రాదు. కళ్లు తెరిచే ఉండి కూడా మూడు నాలుగు సెకన్లు మెదడు పనిచేయకుండా పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల మీద నాలుగు సెకన్లంటే 89 మీటర్లు కారు ఎవరూ నడపకుండా పోయినట్టే. ఇలాంటి ప్రమాదాల్లో రోడ్డు మీద బ్రేకు గీతలు కూడా ఉండవు.

ఏసీ పెంచడం, అద్దం దించడం, పాటలు పెద్దగా పెట్టడం, మొహం కడుక్కోవడం: ఇవన్నీ కొద్ది నిమిషాలే పనిచేస్తాయి. ఆవలింతలు వరసగా వస్తున్నా, దాటివచ్చిన ఊరు గుర్తురాకపోయినా, చక్రం తెల్లగీత మీదకు వెళ్లినా నిద్ర ఇప్పటికే మొదలైందని అర్థం. దానికి మందు నిద్ర ఒక్కటే. వెలుతురు ఉన్న పెట్రోల్ బంకులోనో హోటల్ దగ్గరో ఆపి, కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. కాఫీలోని కెఫీన్ పనిచేయడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసి వస్తాయి. అయినా ఇది గంటా రెండు గంటల ఊరట మాత్రమే. ఆరోగ్యం, సెలవు రెండూ చూసుకుని, రాత్రి పది లోపు పడుకుని పొద్దున ఐదున్నర తర్వాత బయల్దేరడమే మేలు. జనవరిలో డెల్టా వైపు తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. ఆ మంచులో పెద్ద లైట్లు వేస్తే వెలుతురు నీటి బిందువుల మీద పడి మన కళ్లకే తిరిగి కొడుతుంది, కింది లైట్లే వేయాలి. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీ ఆ మంచులో పది అడుగుల దగ్గరికొచ్చాక కనబడుతుంది. మంచు విడిచే దాకా టిఫిన్ సెంటరు దగ్గర ఆగితే పోయేది ఏమీ లేదు.

అద్దె బండిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. తిరుపతి వెళ్లి గది తీసుకుని మనం నిద్రపోతాం, డ్రైవరు బండిలోనే ముడుచుకుని దోమల్లో పడుకుంటాడు. తెల్లారి దర్శనమయ్యాక అదే మనిషి చేతిలో మన పిల్లల ప్రాణాలు పెట్టి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగొస్తాం. ఆయనకు ఒక మంచం, ఒక ఫ్యాను ఏర్పాటు చేయడం ప్రయాణ ఖర్చులో భాగం. బండి మాట్లాడుకునేటప్పుడే నిన్న రాత్రి ఎక్కడికి తిప్పారని అడగాలి. రాత్రంతా వేరే ట్రిప్పు తిప్పి వచ్చిన డ్రైవరైతే ఇంకొకరిని పంపమనాలి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

వేగం గురించి ఒక్క లెక్క చెప్పి ముందుకు పోతాను. గంటకు 80లో పోయే కారు, అడ్డం కనబడిన దగ్గర్నుంచి ఆగడానికి దాదాపు 70 మీటర్లు తీసుకుంటుంది. 100లో అయితే 97 మీటర్లు. 200 కిలోమీటర్ల దూరం మీద దానివల్ల ఆదా అయ్యేది అరగంట.

మూసిన కారు

వేసవి సెలవుల ప్రయాణాల్లో ప్రమాదం ఆగిన కారులో కూడా ఉంటుంది. ఎండ వెలుతురు అద్దంలోంచి లోపలికి వచ్చి సీట్లను, డ్యాష్‌బోర్డును వేడెక్కిస్తుంది. అవి వదిలే వేడి తిరిగి అద్దం దాటి పోలేదు, వేడెక్కిన గాలికీ బయటికి దారి ఉండదు. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచినప్పుడు మూసిన కారులో గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో ఎనభై శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఆ కొలతలు వాళ్లు తీసింది 22 నుంచి 36 డిగ్రీల ఎండలో. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 44 ఉంటుంది. పసిపిల్లల శరీరం పెద్దవాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది, చెమట పట్టి చల్లబడే శక్తి వాళ్లలో తక్కువ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ. నిద్రపోతోంది కదా, లేపడం ఎందుకు, రెండు నిమిషాల్లో టీ తాగి వచ్చేద్దాం అని పిల్లను కారులో వదిలి వెళ్లకండి. ఇంటి ముందు ఆపిన కారుకు కూడా తాళం వేయండి, తాళంచెవి పిల్లలకు అందనివ్వకండి. దాగుడుమూతలాడుతూ లోపలికి దూరి, తలుపు తీయడం చేతకాక పిల్లలు చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలో వస్తున్నాయి.

ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు బిగించి, ఏసీలో కుటుంబమంతా నిద్రపోవడం ఇంకో ప్రమాదం. సైలెన్సరు గొట్టంలో ఎక్కడో చిన్న పగులున్నా, కారు గోడ పక్కనో మూసిన షెడ్డులోనో ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలివి రాకుండానే ప్రాణం పోతుంది. నడుస్తున్న కారులో కూడా ఏసీని గంటల తరబడి లోపలి గాలినే తిప్పే పద్ధతిలో ఉంచవద్దు. ఐదుగురు వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి డ్రైవరుకు మగత వస్తుంది. అప్పుడప్పుడూ ఆ మీట మార్చి బయటి గాలి రానివ్వండి.

వాంతుల సంగతి చాలామంది తల్లులు అడుగుతారు. చెవి లోపలి సమతౌల్య అవయవం కదులుతున్నామంటుంది, ఫోన్ చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఈ పొంతన లేని కబుర్లను మెదడు విషం తిన్న లక్షణంగా పొరబడి పొట్ట ఖాళీ చేయిస్తుందని మిషెల్ ట్రెయిస్‌మన్ 1977లో ప్రతిపాదించారు. రెండేళ్ల లోపు పిల్లలకు ఇది చాలా అరుదు, బడి వయసులో ఎక్కువ. శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్ల మీద ఫోన్ తీసేసుకుని, ముందు అద్దంలోంచి దూరంగా కొండ అంచు చూడమనండి. కడుపు నిండా పెట్టకండి, ఖాళీగానూ ఉంచకండి. మందు కావాలంటే పిల్లల డాక్టరును అడిగే ఇవ్వాలి. అల్లరి చేయకుండా నిద్రపోతారని మగత మందులు పట్టడం మాత్రం వద్దు. నడుస్తున్న బండిలో నాలుగేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గుళ్లు, బఠాణీలు, గట్టి బిళ్లలు పెట్టకండి. కుదుపుకు గొంతులోకి జారితే ముందు సీట్లో ఉన్నవాళ్లకు చూడ్డానికీ వీలుండదు.

చంటిపిల్లను సీట్లో ఏకబిగిన రెండు గంటల కంటే ఎక్కువ ఉంచకూడదు. తల ముందుకు వాలి ఊపిరి దారి నొక్కుకుంటుంది. ఆపి, ఎత్తుకుని, పాలు పట్టి మళ్లీ కూర్చోబెట్టాలి. పాలు పట్టడం బండి నడుస్తున్నప్పుడు వద్దు. ఏడుస్తోందని సీట్లోంచి తీసి ఒడిలోకి తీసుకున్న ఆ ఐదు నిమిషాలకు కూడా పైన వేసిన లెక్కే వర్తిస్తుంది. నీళ్ల సీసా, లాప్‌టాప్, స్టీలు క్యారియరు కూడా అదే లెక్క కిందకొస్తాయి, వాటిని డిక్కీలోనో సీట్ల కిందో పెట్టండి. సన్‌రూఫ్‌లోంచి నిలబడ్డ పిల్లవాడిని పట్టి ఆపేది ఏదీ లేదు. బయల్దేరే ముందు టైర్లూ చూసుకోండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2321 అని ఉంటే 2021లో ఇరవై మూడో వారం. ఆరేళ్లు దాటిన టైరుతో మే నెల మధ్యాహ్నం సిమెంటు రోడ్డెక్కవద్దు. గాలి తక్కువైన టైరు లోడు మీద ఎక్కువ వంగి, ఆ వంగడంతోనే వేడెక్కి పేలుతుంది. నిండు బండికి ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

కారు లేనివాళ్ల సంగతీ చెప్పాలి. నలుగురు ఒకే బైకు మీద ముప్పై నలభై కిలోమీటర్లు పోయి పండగ చేసుకునే కుటుంబాలు మన దగ్గర లెక్కలేనన్ని. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లను బైకు మీద తీసుకెళితే నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ట్యాంకు మీద కూర్చోబెట్టిన బిడ్డకు ముందు హ్యాండిలు, వెనక తండ్రి ఛాతీ, గుద్దుకుంటే బిడ్డ నలిగేది ఆ రెంటి మధ్యే. హైవే ఎక్కాల్సిన దూరమైతే పిల్లలు, తల్లి ఆర్టీసీ బస్సులో వెళ్లి, తండ్రి ఒక్కడే బైకు తేవడం అన్ని విధాలా మేలు.

ఇన్ని చేసినా బండి ఆగిపోవచ్చు. అప్పుడు చాలా కుటుంబాలు చేసే పని, రోడ్డు అంచున కారులోనే కూర్చుని మెకానిక్ కోసం ఎదురుచూడటం. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు కునుకులో ఉంటే అతనికి ఆ కారు కనబడదు. బండిని వీలైనంత ఎడమకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, కనీసం యాభై మీటర్ల వెనక ఎర్ర త్రికోణం పెట్టి, పిల్లలందరినీ ఎడమ తలుపులోంచి దించి ఇనుప కంచె అవతల నిలబెట్టాలి. కారు వెనక గానీ ముందు గానీ నిలబడనివ్వకూడదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 2005 నుంచి మనకు తెలిసిన 108. గుద్దుకున్న కారులో పిల్ల తన సీట్లోనే ఉండి ఊపిరి తీస్తుంటే, మంటలు, నీళ్లు లాంటి ముప్పు లేకపోతే, సీట్లోంచి లాగకండి. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు, అంబులెన్సు సిబ్బంది వచ్చే దాకా తల కదలకుండా పట్టుకుని మాట్లాడుతూ ఉండండి. ఎవరి కారుకో ప్రమాదం జరిగినప్పుడు ఆగి సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణలోని 134ఎ సెక్షను కాపాడుతుంది. కాబట్టి భయపడకుండా ఆగవచ్చు. ఒకసారి పెద్ద ప్రమాదంలో పనిచేసిన పిల్లల సీటును, పైకి చెక్కుచెదరనట్టు కనిపించినా, మళ్లీ వాడకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. దాని ప్లాస్టిక్‌లో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి.